నమక్ హరామ్: మిత్రుడి మాటా, కార్మికుల పక్షమా?

హృషీకేశ్ ముఖర్జీ దర్శకత్వంలో 1973లో వచ్చిన హిందీ చిత్రం 'నమక్ హరామ్', ప్రాణమిత్రుల నడుమ తలెత్తిన ధర్మసంకటాన్ని ఏ పక్షాన్నీ చులకన చేయకుండా చూపిన అరుదైన చిత్రం. కార్మిక నాయకుడికి క్షమాపణ చెప్పవలసి వచ్చిన మిల్లు యజమాని కొడుకు విక్కీ (అమితాబ్ బచ్చన్) అవమానంతో రగిలిపోతుంటే, ఆ కసి తీర్చడానికి పేదవాడైన అతని మిత్రుడు సోము (రాజేశ్ ఖన్నా) మారుపేరుతో అదే మిల్లులో కూలీగా చేరి, సంఘం నాయకత్వాన్ని చేజిక్కించుకుంటాడు. కానీ బస్తీ బతుకును దగ్గరగా చూసేకొద్దీ అతని మనసు కార్మికుల వైపు మొగ్గుతుంది.

ఆ మార్పు ఒక్క ఉపన్యాసంతో వచ్చేది కాకపోవడమే ఈ కథలో నాకు ఎంతో నచ్చిన విషయం. ఎ.కె. హంగల్ పోషించిన వృద్ధ నాయకుడి నిజాయితీ, రజా మురాద్ పోషించిన కవి వేదన సోమును మెల్లమెల్లగా కదిలిస్తాయి. విక్కీని దుర్మార్గుడిగా తేల్చేయకపోవడం దర్శకుడి గొప్పతనం. సోము గుట్టు బయటపడి కార్మికులు అతన్ని కొట్టినప్పుడు, విక్కీ ఒంటరిగా బస్తీలోకి వచ్చి, కొట్టినవారెవరో ముందుకు రమ్మని గర్జించే దృశ్యంలో స్నేహం, అహంకారం విడదీయరానంతగా కలిసిపోతాయి. ఈ పాత్రకు అమితాబ్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం దక్కింది.

రేఖ, సిమీ గరేవాల్ పాత్రలకు తగినంత చోటు దక్కలేదు. ఆర్.డి. బర్మన్ బాణీలకు కిశోర్ కుమార్ గొంతు మాత్రం ఈ చిత్రానికి పెద్ద అండ.