కాజీపేట ఇంట్లో ఎనిమిది నెలలు వాడిన హెడ్‌ఫోన్

కాజీపేట జంక్షన్‌కు నిజంగానే కూతవేటు దూరంలో ఉన్న మా ఇంట్లో కూర్చుని తెలుగు అనువాదాలు చేసే ఉద్యోగం నాది. పని గంటల్లో సంగీతం వినడానికని హనుమకొండ చౌరస్తాలోని ఒక దుకాణంలో రూ. 5,500 పెట్టి నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న హెడ్‌ఫోన్ కొన్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసింది కూలర్ విషయంలో. ఎండాకాలమంతా నా బల్ల పక్కనే హోరెత్తే ఆ ఇనుప డబ్బా, హెడ్‌ఫోన్ మీట నొక్కగానే ఎవరో దాన్ని పక్కవీధికి మోసుకుపోయినట్టు దూరమైపోతుంది. బయటి చప్పుడును చిన్న మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి రెండింటినీ కొట్టేయడమే ఇందులోని కిటుకు కాబట్టి, ఒకే తీరున సాగే బొంగురు మోతల మీద ఇది బాగా పనిచేస్తుంది. ఉన్నట్టుండి లేచే సన్నని చప్పుళ్ల మీద అంతగా పనిచేయదు. అందుకే కుక్కర్ విజిల్, రైలు హారన్, వంటింట్లోంచి అమ్మ వేసే "బిడ్డా, పాలు పొంగుతున్నయ్" అనే కేక చక్కగా వినిపిస్తాయి. చివరిదాన్ని లోపంగా రాయాలో గుణంగా రాయాలో ఇంకా తేల్చుకోలేదు. ఇంతకుముందు కూలర్ హోరును దాటించడానికి వాల్యూమ్ చివరిదాకా పెంచేవాణ్ణి. ఇప్పుడు సగం చాలుతోంది. 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నందున, రోజంతా చెవులకు తగిలించుకునే నాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

పాటల సంగతికి వస్తే, మాటలతో పని చేసేవాళ్లకు మాటలున్న పాట శత్రువే. ఒకసారి బ్యాంకు పత్రంలో "వడ్డీ" అని ఉండవలసిన చోట "వెన్నెల" అని టైపు చేసి, పంపే ముందు చూసుకుని గతుక్కుమన్నాను. అప్పటి నుంచి అనువాదం చేసేటప్పుడు చిట్టిబాబు వీణ, లేదా మాండొలిన్ శ్రీనివాస్. పేజీలు సర్దే పనికి మాత్రం సినిమా పాటలు. మీటిన తరువాత వీణ తీగ సన్నగా అణగిపోయే నాదం దీనిలో చివరిదాకా వినిపిస్తుంది. డప్పు మోగే జానపదాల్లో మాత్రం దెబ్బలన్నీ కలిసిపోయి ముద్దగా వినిపించాయి.

మీటింగ్ మొదలవగానే సంగీతం పాత రేడియోలా గరగరలాడితే కంగారుపడి దుకాణానికి పరుగెత్తకండి. హెడ్‌ఫోన్ మైకు వాడుకలోకి రాగానే బ్లూటూత్ సంగీతం పద్ధతి నుంచి ఫోన్ మాటల పద్ధతికి మారడమే దానికి కారణం. సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్‌లోని మైకునే ఎంచుకుంటే ధ్వని మళ్లీ తేరుకుంటుంది.

నా అసలు ఫిర్యాదు చెవి మెత్తల మీద. ఆరో నెలకే వాటి పైపొర పెచ్చులుగా లేచి, చెమటకు చెంపలకు అంటుకోసాగింది. దుకాణంవారు హైదరాబాదుకు పంపితే, మెత్తలకు వారంటీ వర్తించదన్న చీటీతో 19 రోజులకు అలాగే తిరిగి వచ్చింది. ఇప్పుడు నాన్న పాత నూలు పంచె ముక్కతో అమ్మ కుట్టిన తొడుగులున్నాయి. చెమట పీల్చుకోవడంలో కంపెనీ మెత్తల కన్నా అవే మేలు.