బర్గండిలో ఐదు రోజులు: వైన్ ముట్టని నాన్నతో ద్రాక్షతోటల్లో

వైన్ తాగని వాళ్ళని తీసుకుని, ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరున్న బర్గండి ప్రాంతానికి ఎందుకు వెళ్ళారని తెలిసినవాళ్ళు చాలామంది అడిగారు, అందుకే ఇది రాస్తున్నాను. మేముండేది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. చిలకలూరిపేట దగ్గర మా ఊరి నుంచి అమ్మా నాన్నా జూన్‌లో వచ్చారు. నాన్న నలభై ఏళ్ళుగా పత్తి, మిరప వేస్తున్న మనిషి. పారిస్ తీసుకెళ్తే రెండో రోజుకే "ఈ దేశంలో పొలాలు లేవంట్రా?" అన్నారు. అప్పుడు తట్టింది బర్గండి. మా ఇంటి నుంచి బోన్ పట్టణానికి కారులో ఐదు గంటలు పట్టింది. కారు లేనివాళ్ళు పారిస్ నుంచి డిజోన్‌కి హైస్పీడ్ రైల్లో గంటన్నరలో చేరి, అక్కడ లోకల్ రైలెక్కితే ఇరవై నిమిషాల్లో బోన్‌లో దిగొచ్చు.

ముందు బస గురించి చెప్తాను, ఎందుకంటే మేం పొరపాటు చేసింది అక్కడే. మొదటి రెండు రాత్రులు బోన్ కోటగోడ లోపల, పాత ఇంటి మూడో అంతస్తులో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఫోటోల్లో దూలాలూ కిటికీలూ చాలా బాగున్నాయి. లిఫ్ట్ లేదన్న సంగతి మాత్రం అక్కడికి వెళ్ళాకే తెలిసింది. సుడులు తిరిగే ఇరుకు మెట్లు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. కారు గోడ బయట పెట్టి సామాను రాళ్ళ వీధిలో లాక్కుంటూ రావాల్సొచ్చింది. తర్వాతి మూడు రాత్రులు మ్యూర్సో అనే పల్లెలో ద్రాక్ష పండించే వాళ్ళింట్లోనే గది తీసుకున్నాం. ఇలాంటి గదుల్ని అక్కడ షాంబ్ర్ డోట్ అంటారు. కింద గది, బయట నీడలో బల్ల, పొద్దున్నే రొట్టె, వెన్న, ఆవిడ చేసిన జామ్, గోడ అవతల నుంచే తోట. పెద్దవాళ్ళు వెంట ఉంటే మరో ఆలోచన లేకుండా ఇలా పల్లెల్లోనే దిగండి.

ఇక పొలాలు. బోన్ నుంచి పోమార్, వోల్నే, మ్యూర్సో మీదుగా సాంతెనే దాకా ద్రాక్షతోటల మధ్యే సైకిల్ దారి ఉంది, మొత్తం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. అమ్మా మా ఆవిడా కారులో ముందు వెళ్ళారు, నేనూ నాన్నా బ్యాటరీ సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. పోమార్ దాటేలోపు నాన్న ఆరుసార్లు దిగారు. మొక్క నడుం ఎత్తు దాటదు, సాలుకీ సాలుకీ మధ్య మీటరే దూరం, లెక్కేస్తే ఎకరానికి 4,000 మొక్కలు పడతాయి. అంత ఇరుకులో ట్రాక్టర్ ఎలా తిరుగుతుందా అనుకుంటుండగా ఎదురుగా ఒకటి వచ్చింది. చక్రాలు సాలుకి అటొకటి ఇటొకటి, డ్రైవర్ సీటు మొక్కల నెత్తి మీద, సాలు మొత్తం ట్రాక్టర్ కాళ్ళ సందులోంచి పోతోంది. నాన్న సైకిల్ గట్టుకి ఆనించి, అది చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగే వరకు కదల్లేదు. ఇంకోచోట గుర్రాన్ని కట్టి సాళ్ళ మధ్య నేల గుల్ల చేస్తున్నారు. బరువు బండ్లు తిప్పితే నేల గట్టిపడుతుందని కొందరు మళ్ళీ గుర్రాలకి వచ్చారట. "మన గుంటకే ఇది" అన్నారు నాన్న, ఎంత సంబరపడ్డారో చెప్పలేను.

ఈ ప్రాంతంలో ప్రతి పొలం చెక్కకీ పేరుంది. మా ఊళ్ళో దొరువు చేను, ఎర్రచెక్క, తాటితోపు చెక్క అని ఎలా అంటామో అచ్చం అలాగే. మ్యూర్సోలో పెరియేర్ అంటే రాళ్ళు తీసిన గని, జనెవ్రియేర్ అంటే జునిపర్ పొదలుండే చోటు, పోమార్‌లో ఎపనో అంటే ముళ్ళ పొదలు. ఇలా హద్దులూ పేర్లూ ఉన్న చెక్కల్ని క్లిమా అంటారు, 1,247 ఉన్నాయి, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనకి ఆ పేర్లు దస్తావేజుల్లోకి కూడా ఎక్కవు, సర్వే నంబర్లే మిగులుతాయి. ఇక్కడ అదే పేరు సీసా మీద అచ్చవుతుంది, ధర కూడా దాన్నిబట్టే. ఒకే కొండవాలు మీద నడిమి భాగం చెక్కలు అన్నిటికన్నా పై తరగతి, రోడ్డు దిగువన పల్లంలో పండేది మామూలు రకం.

మాకు గది ఇచ్చినావిడ సాయంత్రం తోటకి తీసుకెళ్ళి సున్నపురాయి కలిసిన మట్టి చేతిలో పెట్టింది. నాన్న దాన్ని నలిపి చూసి అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ గురించి. తడి పెట్టరు, వానే ఆధారం. రెండో ప్రశ్న ఎకరానికి ఎంత దిగుబడి అని. ఇంతకు మించి తీయకూడదని చట్టమే ఉందని ఆవిడ చెప్తే నేను తెలుగులో చెప్పాను, నాన్న నమ్మక మళ్ళీ అడిగించారు. 2021 ఏప్రిల్‌లో చిగుళ్ళ మీద మంచు గడ్డకట్టినప్పుడు రాత్రంతా సాళ్ళ మధ్య పెద్ద కొవ్వొత్తులు వెలిగించామని, అయినా పంట చాలావరకు పోయిందని చెప్తూ ఆవిడ గొంతు మారిపోయింది. నాన్నకి ఆ మాట నేను అనువదించాల్సిన పని పడలేదు, ఆవిడ ముఖం చూసి ఆయనే తలూపారు.

దీనికి పూర్తిగా వ్యతిరేక అనుభవం మినీబస్ టూర్. సగం రోజు, నలుగురికి మూడొందల యూరోల పైనే అయింది. అందులో రెండు గంటలు వైన్ నిలవచేసే సెల్లార్లలో రుచి చూడటానికే సరి, తాగనివాళ్ళకి ఒక పండ్లరసం కూడా ఇవ్వలేదు. క్లో ద వూజో అనే పాత తోట దగ్గర పది నిమిషాలు ఆపి ఫోటో తీసుకోమన్నారు. మర్నాడు మా కారులో మళ్ళీ వెళ్ళాం. సీతో మఠం సన్యాసులు 12వ శతాబ్దం నుంచి పెంచిన తోట అది, చుట్టూ గోడ, లోపల 50 హెక్టార్లు. ఫ్రెంచి విప్లవంలో మఠం నుంచి జప్తు చేసి అమ్మేశారు. ఆ తర్వాత చేతులు మారుతూ, వారసుల మధ్య ముక్కలవుతూ ఇప్పుడు 80 మందికి పైగా యజమానులు. "అన్నదమ్ముల పంపకాలు ఎక్కడైనా ఇంతే" అన్నారు నాన్న. లోపల గానుగల్లాంటి నాలుగు భారీ చెక్క ప్రెస్సులున్నాయి, వాటికోసమైనా టికెట్ కొనొచ్చు. పక్కనే వోన్ రొమానేలో బాగా పేరున్న, ఖరీదైన వైన్ వచ్చే రొమానే కోంటి తోట, మొత్తం కలిపి నాలుగున్నర ఎకరాలే. రాతి శిలువ, తోటలోకి దిగొద్దని బోర్డు, అంతకు మించి చూడటానికేం లేదు.

బోన్‌లో తప్పక చూడాల్సింది ఒటెల్ ద్యూ. 1443లో బర్గండిని ఏలిన డ్యూక్ దగ్గర చాన్సలర్‌గా, అంటే మంత్రిగా ఉన్న నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ ద సాలాఁ పేదల కోసం కట్టించిన ఆసుపత్రి. వీధి వైపు నుంచి చూస్తే మామూలు పలకల కప్పే. లోపలి ముంగిట్లో నిలబడితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పెంకులు ముగ్గు వేసినట్టు ఉంటాయి. పేదల వార్డులో వరసగా ఎర్ర తెరల మంచాలు, ఆ చివర ప్రార్థన మందిరం, రోగి మంచం మీద నుంచే పూజ వినేలా కట్టారు. ఆసుపత్రికి దాతలు శతాబ్దాలుగా ద్రాక్షతోటలు రాసిస్తూ వచ్చారు, ఇప్పుడవి 60 హెక్టార్లు. ఆ వైన్‌ని 1859 నుంచి ఏటా నవంబరులో వేలం వేసి ఆ డబ్బు ఆసుపత్రికి వాడుతున్నారు. సత్రాలకి మాన్యం రాసినట్టు అని చెప్పగానే అమ్మకి అంతా అర్థమైపోయింది, అక్కణ్ణించి ప్రతి గదిలోనూ నన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉంది. రోజియర్ వాన్ డెర్ వేడెన్ గీసిన 'అంతిమ తీర్పు' చిత్రం చీకటి గదిలో ఉంది, దాని ముందు పెద్ద భూతద్దం కదులుతుంటుంది. మేం రెండు గంటలున్నాం, మూడు పెట్టుకోండి.

తిండి దగ్గర టెన్షన్ పడ్డాం. నాన్న గొడ్డుమాంసం ముట్టరు, అమ్మ మాంసమే తినదు, ఇక్కడ పేరున్న వంటలేమో వైన్‌లో ఉడికిన గొడ్డుమాంసం, నత్తలు. గుడ్లే కదా అని ఎర్ర వైన్ పులుసులో వేసిన గుడ్లు చెప్తే అందులో పంది ముక్కలు వచ్చాయి, ముందే అడగాలి. మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ ఏడింటికే. మమ్మల్ని కాపాడింది శనివారం పొద్దుటి బోన్ సంత. వేడి గుజేర్లు, అంటే చీజ్ వేసి కాల్చిన గుల్ల బూరెల్లాంటివి, చెర్రీలు, మేకపాల చీజ్, కాసిస్ అనే చిన్న నల్ల పండ్ల ఐస్.

అమ్మకి అన్నిటికన్నా నచ్చింది ఆవాల మిల్లు. 1840 నుంచి నడుస్తున్న ఫాలో అనే కంపెనీ వాళ్ళది, ముందే బుక్ చేసుకుంటే చూపిస్తారు. అక్కడ నూరేది మన వంటింట్లో ఉండే జాతి ఆవాలే. రాతి తిరగలితో నెమ్మదిగా నూరుతారు, వేడెక్కితే ఘాటు పోతుందట. ఆవకాయకి ఆవపిండి కొట్టేటప్పుడు అమ్మ నాకు చిన్నప్పుడు చెప్పిన మాట అదే. ఇలా చేసిన ఆవాల ముద్దనే మస్టర్డ్ అంటారు. డిజోన్ మస్టర్డ్ అని ఎక్కడ తయారుచేసినా రాసుకోవచ్చు, ఆవాలు కెనడావైనా సరే. 'మూతార్ద్ ద బుర్గోన్య్', అంటే బర్గండి మస్టర్డ్ అని ఉంటే మాత్రం ఆవాలూ వైనూ రెండూ ఇక్కడివే, అది కొనండి. రెండు సీసాలు తెచ్చాం. ఇంటికొచ్చిన మర్నాడే అమ్మ ఒకటి మూత తీసి, అరటికాయ ఆవపెట్టిన కూర చేసి, చింతపండు తగ్గించాల్సింది అంది.