క్లే బార్: పాత కారు అసలు రంగును కాపాడుకోవాలనుకునేవారి కోసం ఒక సమీక్ష

పాత కారును ఇష్టంగా ఉంచుకునేవారు ఇంజిన్ కంటే రంగు గురించే ఎక్కువ జాగ్రత్త పడాలన్నది నా గట్టి అభిప్రాయం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 సంగతే తీసుకుంటే, కార్బ్యురేటర్ కిట్టు మొదలు క్లచ్ ప్లేటు దాకా దాని సామాన్లు ఈ రోజుకీ వరంగల్‌లో వెతికితే దొరుకుతాయి. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఒక్కటే ఎక్కడా దొరకదు. ఉన్నది అరిగితే అరిగిందే. అందుకే మా ఇంట్లో ఉన్న 1996 మోడల్ ఎర్ర 800 కోసం శుభ్రం చేసే సామాను ఏది కొన్నా, అది మురికిని ఎంత తీస్తుందన్న దానితో పాటు రంగును ఎంత తీస్తుందన్నది కూడా చూస్తాను. ఈ లెక్కన చూసినప్పుడు నాకు అన్నిటికంటే నమ్మకం కుదిరిన వస్తువు క్లే బార్. వేర్వేరు కంపెనీలవి వాడి చూశాను కానీ, కంపెనీకీ కంపెనీకీ మధ్య ఉన్న తేడా కంటే రకానికీ రకానికీ, వాడే పద్ధతికీ మధ్య ఉన్న తేడానే పెద్దది కాబట్టి ఇక్కడ పేర్లు చెప్పకుండా వస్తువు గురించే రాస్తున్నాను.

ఇది మెత్తగా సాగే ముద్ద. కృత్రిమ రెసిన్‌లో అతి సన్నని రాపిడి పొడి కలిపి తయారు చేస్తారు. జపాన్‌లో మొదట కార్ల మీద పడ్డ పెయింటు తుంపరలను తీయడానికి పుట్టిన ఈ వస్తువు తర్వాత ప్రపంచమంతా పాకింది. షాంపూతో కడిగినప్పుడు పోయేది పైన వదులుగా ఉన్న దుమ్ము మాత్రమే. రంగులోకి నాటుకుపోయిన కణాలు కడిగినా, తుడిచినా అక్కడే ఉంటాయి. జారుడు ద్రవం చల్లి దాని మీద క్లేను నడిపిస్తే, రంగు మట్టం కంటే పైకి పొడుచుకొచ్చిన కణాలు మాత్రమే ముద్దకు తగిలి దానిలోకి ఇరుక్కుని ఊడి వస్తాయి. సమతలంగా ఉన్న రంగు మీద ముద్ద ద్రవం పొర మీదుగా జారిపోతుంది. రబ్బింగ్ కాంపౌండుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. కాంపౌండు రంగు పైపొరనే గీకి కొత్త పొరను బయటపెడుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు, దాని కింది ప్రైమరుతో కలిపి కొలిచినా, సాధారణంగా 100 మైక్రాన్లకు కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది. మనిషి వెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు. అంత పల్చని పొరను ఏటా మెషిన్‌తో గీకిస్తూ పోతే ఎన్నేళ్ళు మిగులుతుందో ఎవరైనా ఊహించవచ్చు.

మన వరంగల్ ప్రాంతంలో ఈ వస్తువుకు ప్రత్యేకమైన అవసరం ఉంది. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను బల్హార్షా వైపు, విజయవాడ వైపు చీలే చోటు కాజీపేట. రైలు చక్రాలు, పట్టాలు, బ్రేకులు ఒరుసుకున్నప్పుడు రాలే ఇనుప రజను గాలిలో లేచి, చుట్టుపక్కల నిలిపిన కార్ల మీద వాలుతుంది. ఆ కణాలు రంగుకు అంటుకుని, మంచుకూ వానకూ తుప్పు పట్టి, మెల్లగా లోపలికి దిగుతాయి. తెల్ల కార్ల మీద ఇవి నారింజ రంగు చుక్కలుగా స్పష్టంగా కనిపిస్తాయి. మా కారు లాంటి ఎర్ర వాటి మీద కంటికి కనబడవు, చేతికే తెలుస్తాయి. దీనికి తోడు గ్రానైటు దుమ్ము. కరీంనగర్ టాన్ బ్రౌన్ రాయి పేరు దేశదేశాల్లో తెలుసు కానీ, ఆ రాతి దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఎంత గట్టిదో కారు ఉన్నవాళ్ళలో చాలామంది ఆలోచించరు. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ స్థానం 7. గాజును గీయగల పదార్థం అది. కరీంనగర్ రోడ్డులో బండలు మోసుకుపోయే లారీల వెనక వెళ్ళి వచ్చిన కారును మరునాడు పొద్దున్నే పొడి గుడ్డతో తుడవడం ఎంత హానికరమో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. అపార్టుమెంట్లలో ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడిచే అలవాటును మన కారు వరకైనా మాన్పించుకోవాలని ప్రతి పాత కారు యజమానినీ నేను వేడుకుంటాను.

కారుకు క్లే అవసరమా కాదా అన్నది తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. కారును బాగా కడిగి ఆరబెట్టి, పల్చని పాలిథిన్ కవరులో చెయ్యి పెట్టి, వేళ్ళ కొనలతో బానెట్ మీద మెల్లగా నిమరాలి. ఉత్త చేతికి నునుపుగా తోచిన చోటే కవరు గుండా గరుకు తేలుతుంది, సన్నని చరచర కూడా వినిపిస్తుంది. మా కారుకు తలుపుల మీద అంతగా లేదు. బానెట్, టాప్, డిక్కీ మూత మీద మాత్రం ప్రతి అంగుళానికీ తగిలింది. వెనక బంపరు పైభాగంలోనూ, చక్రాల వెనక భాగంలోనూ ఉన్నది వేరు, అది తారు. తారును క్లేతో తీయడానికి ప్రయత్నిస్తే ముద్ద పాడవుతుంది, నల్లగా పులుముకుంటుంది. తారు తీసే ద్రవంతో ముందే దాన్ని తీసేయాలి. చాలామంది కిరసనాయిలు వాడతారు. తారు కరుగుతుంది నిజమే కానీ తలుపుల రబ్బరు బీడింగ్‌కు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పాత కార్లకు బీడింగ్ మళ్ళీ సరిగ్గా అమరేది దొరకడం కష్టం.

పని చేసే పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వస్తువు మంచీ చెడూ అంతా అందులోనే ఉంది. ఎండలో చేయకూడదు. వేసవిలో మన దగ్గర బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి ముద్ద కరిగినట్టు మెత్తబడి రంగు మీద మరకలుగా అంటుకుంటుంది, జారుడు ద్రవం ఆరిపోతుంది. తెల్లవారుజామున నీడలో మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ముగించడం ఉత్తమం. వంద గ్రాముల ముద్దను నాలుగు ముక్కలుగా కోసి, ఒక ముక్కను గారె వత్తినట్టు అరచేతిలో వెడల్పు చేసుకోవాలి. కంపెనీ ఇచ్చే ద్రవం ఉంటే సరే, లేకపోతే కారు షాంపూను నీళ్ళలో పల్చగా కలిపి సీసాతో చల్లుకోవచ్చు. జానెడు జాగాను ఒక వరసగా తీసుకుని, వేళ్ళ బరువు కూడా సరిగ్గా పడనంత తేలికగా, గుండ్రంగా తిప్పకుండా ముందుకూ వెనక్కూ మాత్రమే నడిపించాలి. మొదట ముద్ద పట్టిపట్టి కదులుతుంది, గరగరమన్న చప్పుడు వస్తుంది. కాసేపటికి చప్పుడు ఆగి, ముద్ద ఒక్కసారిగా జారడం మొదలవుతుంది. ఆ మార్పు చేతికి తెలిసిన చోట ఆపేయాలి. అంతకు మించి రుద్దడం వల్ల లాభం లేదు. ముద్దను తిప్పి చూస్తే గోధుమ, నలుపు చుక్కలు కనిపిస్తాయి. దాన్ని మడిచి, పిసికి, శుభ్రమైన ముఖాన్ని పైకి తెచ్చుకున్నాకే పక్క జాగాకు పోవాలి. ముక్క నేల మీద పడితే మొహమాటం లేకుండా పారేయాలి, ఒక్క ఇసుక రేణువు దానిలో ఇరుక్కుంటే బానెట్ పొడవునా గీత పడుతుంది.

మా కారు మీద ముద్దకు అంటింది చుక్కలు మాత్రమే కాదు, పల్చని ఎర్ర ఛాయ కూడా. ఆ కాలపు మారుతి కార్లలో మెటాలిక్ కాని రంగులకు పైన వేరుగా క్లియర్ కోటు, అంటే రంగును కాపాడే పారదర్శకమైన పైపొర, లేకపోవడం మామూలే. అలాంటి రంగు ఎండకు కాలి పైపొర సున్నపు పొడిలా అవుతుంది, ఎరుపైతే గులాబీ ఛాయలోకి వెలుస్తుంది. ఆ చచ్చిన పొరలో కొంత ముద్దకు అంటడం సహజం, దానికి కంగారు పడనక్కరలేదు. మీ కారు రంగు ఏ రకమో తెలుసుకోవాలంటే తలుపు లోపలి అంచున కాస్త పాలిష్ పెట్టి గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే క్లియర్ కోటు లేనట్టే. తెల్ల కారుకైతే ఈ పరీక్షకు నల్ల గుడ్డ తీసుకోవాలి. ఎప్పుడో మళ్ళీ రంగు వేయించిన భాగాలుంటే మరో సంగతి చూసుకోవాలి: నైట్రోసెల్యులోజ్‌తో చేసే పాత ఎన్‌సీ పెయింటు, థిన్నరు తగిలితే కరిగి ఊడి వస్తుంది; గట్టిపరిచే ద్రవం కలిపి వేసే టూకే పెయింటు అలా రాదు. ఎన్‌సీ పెయింటు మెత్తన కాబట్టి దాని మీద సన్న రకం క్లేనే, అదీ చాలా తేలికగా వాడాలి. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి పలకల మీద నడిపిస్తే, అది పట్టు వదిలిన చోట కింద పుట్టీ ఉందని తెలిసిపోతుంది.

క్లే ఏం చేయలేదో కూడా చెప్పాలి. గీతలు పోవు. బోరు నీళ్ళు ఎండి లోపలికి దిగిన మరకలు పోవు. వెలిసిన రంగుకు పాత మెరుపు మొత్తం తిరిగి రాదు. రంగు వేయని ప్లాస్టిక్ బంపర్ల మీద దీన్ని వాడనే కూడదు. క్లే తర్వాత మా కారు బానెట్ నునుపైంది కానీ, టాప్ మీద మెరుపు ఇంకా మసకగానే ఉండిపోయింది. ఆ సంగతి చూపించి మెషిన్ పాలిష్ గురించి అడిగితే, ములుగు రోడ్డులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పెద్ద పెయింటరు బేరం వదులుకుని మరీ వద్దన్నాడు: "మిషన్ పెడ్తె ఇయ్యాల మస్తు మెరుస్తది సార్. గని రంగు పల్చగైతది, అంచుల కాడ తెల్లగ తేలుతది. గిది ఒరిజినల్ పెయింటు, చేతితోనే చేస్కోండ్రి." ఆ సలహా ఎంతో విలువైనది. బానెట్ అంచులు, తలుపుల మీది గీతలు లాంటి చోట్ల రంగు సహజంగానే పల్చగా ఉంటుంది, బఫింగ్ మెషిన్ అక్కడే ముందు కోస్తుంది. టాప్‌కు నూనె గుణం ఎక్కువగా ఉన్న మృదువైన పాలిష్‌ను చేత్తోనే పట్టించాను. కోల్పోయిన తేమ అందినట్టు ఎరుపు ముదిరింది. నాకు అది చాలు.

ఇక మైక్రోఫైబర్ గుడ్డకు ఒకవైపు క్లే లాంటి రబ్బరు పొర అంటించిన క్లే మిట్లు, క్లే టవళ్ళు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. పని త్వరగా సాగుతుంది, కింద పడితే కడుక్కోవచ్చు, పెద్ద కార్లకు అవి అనుకూలం. కానీ చేతికీ రంగుకూ మధ్య మందం పెరిగే సరికి గరుకు ఎక్కడ పోయిందో, ఎక్కడ మిగిలిందో సరిగ్గా తెలియదు. 800 లాంటి చిన్న కారుకు, అందులోనూ పాత రంగుకు, ముద్దే నయం. అయస్కాంతంలా ఇనుము మీద మాత్రమే పనిచేసే ఐరన్ రిమూవర్ ద్రవాన్ని క్లేకు ముందు చల్లుకుంటే ఇంకా మంచిది. అది ఇనుప కణాలతో కలిసి ఊదా రంగులోకి మారి కారుతుంది, తర్వాత క్లేకు పని సగం తగ్గుతుంది. వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది. గ్రానైటు దుమ్ము మీద అది ఏమీ చేయదు కాబట్టి దానితోనే సరిపెట్టుకోవడం కుదరదు.

క్లే నడిపించిన చోట పాత మైనం పొర కూడా పోతుంది, అంటే రంగు పూర్తిగా బట్టబయలవుతుంది. అదే రోజు మైనమో, మైనంలాగే రంగును కాపాడే కృత్రిమ సీలంటో పట్టించాలి. బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. వెచ్చని ఛాయ ఇస్తుంది, ఎర్ర రంగు మీద చూడముచ్చటగా ఉంటుంది. అయితే మన రోహిణి కార్తె ఎండలో అది ఎక్కువ కాలం నిలవదు, ఎండలో నిలపక తప్పని కారుకు సీలంటే మేలు. కడిగే నీళ్ళ సంగతీ మరవకూడదు. ఆర్‌ఓ యంత్రం పక్క పైపు నుంచి వదిలే నీళ్ళు వృథా పోకూడదని చాలా ఇళ్ళలో కారు కడగడానికి వాడతారు. ఆ నీళ్ళలో లవణాలు బోరు నీళ్ళ కంటే ఎక్కువ, ఎండితే తెల్ల మరకలు ఖాయం. వాటిని మెట్లకు, వాకిలికి వాడి, కారుకు చివరి నీళ్ళు మంచినీళ్ళవి పోసి వెంటనే ఆరబెట్టాలి.

హనుమకొండ యాక్సెసరీ దుకాణాల్లో అడిగితే ఎక్కువగా కాంపౌండు, మైనమే చూపిస్తారు. క్లే చాలాసార్లు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాల్సి వస్తుంది. సన్న, మధ్య, గట్టి రకాల్లో పాత కారుకు సన్న రకమే కొనండి. దానితో గరుకు పోని చోట మరోసారి నడిపించండి, గట్టి రకానికి పోకండి. మిగిలిన ముక్కలను కొద్దిగా ద్రవం చల్లి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకుంటే ఎండిపోవు. రంగుకు పనికిరానంత నల్లబడ్డ ముక్కలను ముందు అద్దానికి వాడండి: ఏళ్ళుగా పట్టిన నూనె జిడ్డు, దుమ్ము పొర ఊడివచ్చి, వైపర్ల కిరకిర ఆగిపోతుంది, వానలో ఎదుటి లైట్ల వెలుగు చెదరకుండా కనిపిస్తుంది. అద్దానికి వాడిన ముక్కను మాత్రం మళ్ళీ రంగు దగ్గరికి రానివ్వకండి.