థ్రెడ్ కమాండ్‌లోని ఆ టిక్ బాక్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

మేం వాడే క్యాడ్ ప్యాకేజీ (కంప్యూటర్‌లో పార్టులు గీసే సాఫ్ట్‌వేర్) పేరు చెప్పను. చెబితే గొడవంతా దాని మీదికి పోతుంది, పైగా ఈ తంటా ఒక్కదానిదే అని నేననుకోను. మిగతా ఫీచర్ల జోలికీ వెళ్లను. నా కోపమంతా బోల్టులకీ రంధ్రాలకీ మర గీసే థ్రెడ్ కమాండ్‌లో ‘మోడల్డ్’ అని ఉండే ఆ చిన్న టిక్ బాక్స్ మీదే.

టిక్ లేకపోతే సిలిండర్ మీద థ్రెడ్ బొమ్మ అతికించినట్టు కనిపిస్తుంది, పెడితే హెలిక్స్ (మర చుట్టు) నిజమైన గాడిలా చుట్టూ తిరుగుతుంది. కొత్తలో నాకిది ఎంత నచ్చిందంటే, బాలానగర్‌లో మా పక్క షెడ్డు వాళ్లను పిలిచి మరీ చూపించాను, కొటేషన్‌తో పంపే బొమ్మల్లో ప్రతి బోల్టుకీ అదే పెట్టేవాణ్ని. ఇప్పటికీ బాగుంటుంది, కాదనను, బొమ్మ వరకు.

తర్వాత ఒక అల్యూమినియం హౌసింగ్ వచ్చింది. లోపల ఎం64×2 థ్రెడ్ (64 మిల్లీ వ్యాసం, చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం అంటే పిచ్ 2 మిల్లీ), క్లాస్ 6హెచ్, అంటే కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గ్రేడు. కొద్ది పీసుల కోసం అంత పెద్ద ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) ఎవరు కొంటారు, వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) మీద చిన్న టూల్‌ని రంధ్రం చుట్టూ తిప్పి కోసే థ్రెడ్ మిల్లింగే. మోడల్‌లో థ్రెడ్ పక్కాగా ఉంది, క్లాస్ 6హెచ్ అని మెనూలో కనిపిస్తోంది, క్యామ్ (మోడల్ నుంచి మెషిన్‌కి ప్రోగ్రామ్ తయారుచేసేది) కూడా అదే ప్యాకేజీలోది కాబట్టి కొలతలు దానంతటదే తీసుకుంది: మైనర్ డయా (మర పళ్ల కొనల దగ్గరి వ్యాసం) 61.835, మేజర్ (గాడి అడుగు దగ్గరిది) 64.000. సిమ్యులేషన్‌లో ఎక్కడా తప్పు చూపే ఎర్ర రంగు పడలేదు. మెషిన్ మీద థ్రెడ్ తళతళలాడుతూ వచ్చింది. కాసేపటికి ఆపరేటర్ కుర్రాడొచ్చి "గో గేజ్ పోతలేదన్నా" అన్నాడు. థ్రెడ్ సరిగ్గా ఉంటే తిరిగి లోపలికి పోవాల్సిన తనిఖీ బోల్టు లాంటిది ఆ గేజ్. బిగుతుగా పోవడం కూడా కాదు, మొదటి చుట్టులోనే ఆగిపోయింది. బర్ (కోతలో మిగిలిన లోహపు పొర) ఉందేమోనని బ్రష్ కొట్టాం, చాంఫర్ (రంధ్రం అంచుకి వాలు) మళ్లీ వేశాం, గేజ్ మీదే అనుమానపడి ఇంకోటి అడిగి తెచ్చుకున్నాం. ఊహూ.

అసలు సంగతేమిటంటే, 6హెచ్‌కి పిచ్ డయా (మర పంటి మందం, గాడి వెడల్పు సమానంగా ఉండే చోటి వ్యాసం) 62.701 నుంచి 62.937 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మోడల్ మాత్రం అందులో కింది హద్దుని, అంటే 62.701ని మాత్రమే గీస్తుంది. 6హెచ్ తీసేసి 5హెచ్ పెట్టండి, 7హెచ్ పెట్టండి, గీసిన హెలిక్స్ వెంట్రుకవాసి కదలదు. మనం ఎంచుకున్న క్లాస్ డ్రాయింగ్‌లో నోట్‌గా పోతుంది, అంతే. అది చాలదన్నట్టు టూల్ కొన ఒకటి. మా ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) రకరకాల పిచ్‌లు కోసే రకం, కాబట్టి కొన వాటన్నిటిలో చిన్న పిచ్‌కి సరిపోయేంత సన్నగా ఉంటుంది. 2 పిచ్ లోపలి థ్రెడ్‌కి గాడి అడుగున పిచ్‌లో ఎనిమిదో వంతు, 0.25 మిల్లీ చదును ఉన్నట్టు మోడల్ గీస్తుంది. సన్న కొన సరిగ్గా 64.000 దగ్గర ఆగితే గాడి ఇరుకుగా మిగిలిపోతుంది, పిచ్ డయా ఆ 62.701ని కూడా అందుకోదు, ఇక గేజ్ ఎలా పోతుంది? ఇంకా లోతుకి వెళ్లాల్సిందే. లోపలి థ్రెడ్‌లో మేజర్ డయాకి పై హద్దు చెప్పరు కాబట్టి వెళ్తే తప్పు కూడా లేదు. కానీ టూల్ లైబ్రరీలో కొన కొలత నేను నింపి పెట్టినా క్యామ్ దాన్ని పట్టించుకోలేదు, ఒక హెచ్చరికైనా ఇవ్వలేదు. నా మంట అదీ.

చివరికి వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరుగుదలకి మెషిన్‌లో ఇచ్చే సవరణలో) కొద్దికొద్దిగా ఇచ్చుకుంటూ, కోత కోతకీ గేజ్ పెట్టి చూసుకుంటూ, గో పోయి, లోపలికి పోకూడని నో గో గేజ్ ఆగే దగ్గరికి తెచ్చాం. అక్కడ తేలిన అంకెకి మోడల్‌లో కనిపించే థ్రెడ్‌కి ఏ సంబంధమూ లేదు.

లేత్ మీదైతే అసలు ఈ మోడల్ అక్కరే లేదు, మర కోసే జి76 కోడ్‌కి పిచ్, లోతు, మైనర్ డయా లాంటి నాలుగు అంకెలిస్తే చాలు.

ఇంకో తలనొప్పి కస్టమర్లు పంపే స్టెప్ ఫైళ్లు (వేర్వేరు క్యాడ్ ప్యాకేజీల మధ్య మోడల్ పంపుకునే ఫైళ్లు). వాళ్లు మోడల్డ్ పెట్టి పంపితే మా క్యామ్‌కి పట్టుకోవడానికి సాదా సిలిండర్ దొరకదు, హెలిక్స్ ఫేసులన్నీ ఒక్కోటి తీసేసి రంధ్రాన్ని మళ్లీ గీయాలి. టిక్ లేకుండా పంపితే థ్రెడ్ సమాచారం దారిలోనే మాయమై సాదా రంధ్రం వస్తుంది. ఎం10 రంధ్రం ఒకరి ఫైల్లో 8.376, ఇంకొకరి ఫైల్లో 8.5. రెండోది మర వేసే ముందు కొట్టే డ్రిల్ సైజు, మొదటిది మైనర్ డయా, రెండూ అర్థమున్నవే, అందుకే పీడీఎఫ్ డ్రాయింగ్ లేకుండా జాబ్ తీసుకోవడం మానేశాను.

మెచ్చుకోవాల్సింది కూడా ఒకటుంది. థ్రెడ్ సైజుల పట్టిక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటుంది, మనమే మార్చుకోవచ్చు. త్రీడీ ప్రింటర్‌లో జిగ్‌ల (పార్టుని పట్టి ఉంచే సాధనాల) కోసం ప్లాస్టిక్ మూతలు చేసుకునేటప్పుడు 0.3 మిల్లీ వదులిచ్చిన సొంత వరుస ఒకటి కలుపుకున్నాను, ప్రింట్ తీయగానే చేత్తో తిరుగుతోంది. అక్కడ మోడల్డ్ టిక్ లేకపోతే పనే జరగదు. మరి అదే పట్టికలో 6హెచ్ మధ్య విలువ పెట్టుకుని మెషినింగ్ చేసుకోవచ్చు కదా అంటారేమో. నేనూ పెట్టి చూశాను. ఇన్సర్ట్ రకం మారిన రోజు మళ్లీ మొదటికొచ్చింది.

కొనొద్దని మాత్రం చెప్పను. మాది చిన్న షెడ్డు, చిన్న లాట్లు, లాప్‌టాప్ కూడా పాతది, మోడల్డ్ థ్రెడ్లున్న అసెంబ్లీ తెరిస్తే టీ తాగి రావచ్చు. సీసా మూతల మోల్డులు చేసేవాళ్లకి కోర్ (మూత లోపలి ఆకారమిచ్చే మోల్డు భాగం) మీద థ్రెడ్ అచ్చంగా మోడల్‌లో ఉండి తీరాలి, వాళ్లు ఈ ఫీచర్‌కి నాకంటే చాలా ఎక్కువ మార్కులే వేస్తారు. గేజ్‌తో పాసయ్యే థ్రెడ్లు మిల్ చేయడానికే తీసుకుంటున్నారా, డెమోలో హెలిక్స్ చూసి మురిసిపోకుండా, వేరే కొన ఉన్న టూల్ పెడితే క్యామ్ లోతు మారుస్తుందా లేదా అని అక్కడే చూపించమనండి.