డ్రమ్ సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక: అప్‌గ్రేడ్ కోడ్‌ను పూర్తి లైసెన్సు అని అమ్ముతున్నారు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకుంటూ అసలు డ్రమ్స్ లేకుండానే కంప్యూటర్‌లో డ్రమ్ ధ్వనులు పలికించే సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటున్న హైదరాబాదు మిత్రులందరూ దయచేసి ఇది చదివిన తర్వాతే డబ్బు కట్టండి. మన ఊళ్ళో ఇంటి స్టూడియోలు పెట్టుకున్నవారిలో చాలామందికి పరిచయమున్న ఒక దుకాణంలో, పాత వెర్షన్ ఉన్నవారికి మాత్రమే పనికివచ్చే అప్‌గ్రేడ్ కోడ్‌ను పూర్తి లైసెన్సు అని చెప్పి, పూర్తి లైసెన్సు ధరకే నాకు అంటగట్టారు. ఫిర్యాదు ఇచ్చాను కనుక దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ కొనేవారికి ఏ దుకాణమో వివరాలు చదువుతుండగానే అర్థమవుతుంది.

మా చెల్లెలు పాడిన పాటలకు తాళవాద్యం కావలసి వచ్చింది. మల్కాజిగిరిలో మేముండే అపార్టుమెంటులో అసలు డ్రమ్ కిట్ వాయిస్తే పై అంతస్తు వారూ కింది అంతస్తు వారూ ఊరుకోరు, దానికి పెట్టవలసిన మైకులూ అన్ని మైకుల ధ్వనినీ ఒకేసారి కంప్యూటర్‌కు పంపే ఇంటర్‌ఫేసూ మా దగ్గర లేవు. అందుకే సాఫ్ట్‌వేర్ గురించి చాలాకాలం చదివాను. సుపీరియర్ డ్రమ్మర్ 3 ధ్వనులు అద్భుతమే, కానీ మొత్తం ధ్వనుల భాండారం 230 జీబీకి పైగా ఉంటుంది, మా కంప్యూటర్‌లో అంత చోటు లేదు. యాడిక్టివ్ డ్రమ్స్ 2 తేలికగా నడుస్తుంది. చివరికి ఈజీడ్రమ్మర్ 3 తీసుకుందామనుకున్నాను. 2022లో వచ్చిన ఈ వెర్షన్‌లో బ్యాండ్‌మేట్ అనే సదుపాయం ఉంది. మనం వాయించిన గిటార్‌నో కీబోర్డునో దానికి వినిపిస్తే, ఆ లయకు సరిపడే డ్రమ్ నడకలను అదే వెతికి చూపిస్తుంది. మా పాటల్లో సగం తిశ్రగతిలో, అంటే మూడేసి దెబ్బల లెక్కలో, నడిచేవే. పాశ్చాత్య కిట్‌మీద ఆ నడకను ఒక్కొక్క దెబ్బగా మౌసుతో పేర్చుకోవడం ఎంత శ్రమో చేసినవారికే తెలుసు కనుక నాకు ఈ సదుపాయం ముఖ్యమనిపించింది.

తయారీదారు వెబ్‌సైట్‌లో నేరుగా కొనకుండా దుకాణానికి ఎందుకు వెళ్ళామంటే, నా డెబిట్ కార్డు మీద విదేశీ చెల్లింపులు కుదరలేదు. దుకాణంలో యూపీఐ తీసుకుంటామన్నారు. కొనే ముందు వాట్సాప్‌లో స్పష్టంగా అడిగాను: ఇది పూర్తి వెర్షనేనా, నా దగ్గర ఈ కంపెనీది పాతది ఏదీ లేదు, అయినా పనిచేస్తుందా? 'ఫుల్ వెర్షనే సార్, డౌట్ పెట్టుకోకండి' అని జవాబు వచ్చింది. ఆ సందేశం నా దగ్గర భద్రంగా ఉంది.

ఇంటికి వచ్చి నా ఖాతాలో కోడ్ నమోదు చేయబోతే, ఇది అప్‌గ్రేడ్ అనీ, దీనికి ముందు వెర్షన్ అదే ఖాతాలో ఉండాలనీ తెలిసింది. అప్‌గ్రేడ్ తక్కువ ధరకు ఇచ్చేదే పాత కొనుగోలుదారుల కోసం. పాతది లేని నావంటివాడికి ఆ కోడ్ ఎందుకూ కొరగాదు. కంపెనీ తప్పు ఇందులో ఏమీ లేదు. వారు అప్‌గ్రేడ్‌ను అప్‌గ్రేడ్ అనే పేరుతోనే అమ్ముతారు. ఆ పేరు నాకు కనబడకుండా చేసినది మధ్యలో అమ్మినవాడు. పెట్టె లేదు, కార్డు లేదు, ఒక చీటీమీద అంకెలూ అక్షరాలూ రాసి ఇచ్చారు.

మరునాడు చెల్లెలితో కలిసి దుకాణానికి వెళ్ళాను. పొరపాటు జరిగి ఉంటుంది, సరిదిద్దుతారు అనే నమ్మకంతోనే వెళ్ళాము. కౌంటరులో ఉన్న ఆయన అప్‌గ్రేడ్ అని వచ్చినప్పుడు నా ఫోనులో తీసిన తెరచిత్రాన్ని (స్క్రీన్‌షాట్) చూశాడు, ఆశ్చర్యపోలేదు, ఎవరినీ అడగలేదు. సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి నా ముందుకు నెట్టి, 'గిది ఏసుకోండి సార్, అన్ని కిట్లు ఉన్నయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ బంద్ పెట్టుర్రి' అన్నాడు. అది పైరసీ కాపీ. నేను లైసెన్సుకు డబ్బు కట్టాననీ, నాకు లైసెన్సే కావాలనీ, లేకపోతే డబ్బు తిరిగి ఇవ్వమనీ చెప్పాను. అప్పుడాయన పక్కన గిటార్ తీగలు కొనడానికి నిలబడ్డ కుర్రాళ్ళకు కూడా వినబడేటట్టు, 'ఇంట్ల పాడుకునేటోళ్ళకు లైసెన్స్ ఎందుకు సార్? మీరేమన్నా సినిమాలకు కొడుతున్నరా?' అన్నాడు.

మా చెల్లెలు నా పక్కనే ఉంది. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి పిల్లవాడు పడుకున్నాక, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ పాడిన మనిషి ఆమె. ఒక్క చరణంలో శ్వాస వినబడిందని మొత్తం పాట మళ్ళీ పాడిన మనిషి. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు, కానీ ముఖం చిన్నబోయింది. పోయిన డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువగా కాలుస్తోంది. ఇంట్లో పాడేవారి పని పని కాదా? సినిమాకు వాయించేవాడికి ఒక న్యాయం, రెండు గదుల ఇంట్లో రికార్డు చేసుకునేవారికి మరొక న్యాయమా? పూర్తి ధర తీసుకునేటప్పుడు మేము సినిమావాళ్ళమా కాదా అని ఆయన అడగలేదు.

పెన్‌డ్రైవ్‌ను కౌంటరు మీదే వదిలి వచ్చాము. 'అదైనా తీసుకోవలసింది' అన్న మిత్రులకు ఒక మాట. యాంటీవైరస్ ఆపి ఎవరో మార్చిన ప్రోగ్రామును ఎక్కించేది మన గొంతులూ మన ప్రాజెక్టులూ బ్యాంకు లావాదేవీలూ అన్నీ ఉన్న కంప్యూటర్‌లో. పైగా, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడడం 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద నేరం. ఏడు రోజుల నుంచి మూడేళ్ళ వరకు జైలూ, 50 వేల రూపాయల నుంచి 2 లక్షల వరకు జరిమానా అందులో ఉన్నాయి. తన మోసాన్ని కప్పిపుచ్చుకోవడానికి కొనుగోలుదారుడిని నేరంలోకి లాగే అమ్మకందారును నేను ఇంతవరకు చూడలేదు.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. బిల్లుకు బదులు జీఎస్టీ నంబరు లేని 'ఎస్టిమేట్' కాగితం ఇచ్చారు, దాని అడుగున 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చు వేసి ఉంది. ఆ అచ్చుకు భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అలాంటిదే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు విలువకు అక్కడ రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు.

కొనబోయేవారు ఒక్క పని చేయండి. దుకాణంలోనే మీ ఫోనులో మీ సొంత ఖాతా తెరిచి, కోడ్ అందులో నమోదై, ఉత్పత్తి పేరు పక్కన అప్‌గ్రేడ్ అన్న మాట లేకుండా కనబడిన తర్వాతే డబ్బు పంపండి. దానికి ఒప్పుకోని చోట కొనకండి. కాంటాక్ట్ (Kontakt, రికార్డు చేసిన వాద్యధ్వనులను పలికించే మరొక సాఫ్ట్‌వేర్) మీద నడిచే డ్రమ్ లైబ్రరీలైతే, అంటే డ్రమ్ ధ్వనుల సంపుటాలైతే, దాని ఉచిత ప్లేయర్‌లో నడుస్తాయా, పూర్తి కాంటాక్ట్ కావాలా అన్నది కూడా ముందే రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే పూర్తిది అవసరమయ్యే లైబ్రరీ ప్లేయర్‌లో కాసేపు నడిచి ఆగిపోతుంది. తొందర లేనివారు ముందు స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ ఉచిత వెర్షన్ గానీ ఎం.టి. పవర్ డ్రమ్ కిట్ 2 గానీ ఉచితంగా దించుకుని పని మొదలుపెట్టవచ్చు. మేమిప్పుడు చేస్తున్నది అదే.

ఇదే దుకాణంలో ఇలాంటి చీటీమీది కోడ్ కొని మోసపోయినవారు ఉంటే, మీ ఎస్టిమేట్ కాగితం, యూపీఐ రసీదు, వాట్సాప్ సందేశాలు పారేయకుండా నాకు రాయండి. ఒకే రకమైన నష్టం జరిగిన కొనుగోలుదారులు చాలామంది ఉన్నప్పుడు, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు దాఖలు చేయడానికి అదే చట్టంలోని 35వ సెక్షన్‌లో వీలుంది.