పిన్‌బాల్ కొనేవాళ్ళకి: ప్రో అంటే పెద్ద మోడల్ కాదు, నాలా మునగకండి

నిన్న సాయంత్రమే పిన్‌బాల్ మెషిన్ దిగింది, అదే, అద్దం కింద ఇనప బంతిని కొడుతూ ఆడే ఆట బల్ల. ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

స్టెర్న్ కంపెనీ వాళ్ళ జురాసిక్ పార్క్. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది కొనేది ఆ డీలర్ దగ్గరే, ఎవరో మీకు తెలుసు. అందులో ప్రీమియం మోడల్ కావాలని అడ్వాన్స్ కట్టాను. మూడు వారాలకి ఫోన్ చేశాడు. "ప్రీమియం ఇప్పట్లో రాదు సార్. అదే రేటుకి ప్రో ఇచ్చేస్తా, శుక్రవారానికి మీ ఇంట్లో ఉంటుంది."

ఇక్కడ చూడండి నా తెలివి. ఫోన్లలో ప్రో అంటే పైది, ల్యాప్‌టాప్‌లలో ప్రో అంటే పైది. పాత రేటుకే పెద్ద మోడల్ ఇస్తున్నాడు, ఎంత మంచివాడో అనుకున్నా. థ్యాంక్స్ చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు! అవతల కాసేపు చప్పుడు లేదు. నవ్వు ఆపుకుంటున్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

పిన్‌బాల్‌లో ప్రో అంటే అన్నిటికన్నా కింది మోడల్. దానిపైన ప్రీమియం, ఆపైన ఎల్‌ఈ, అంటే లిమిటెడ్ ఎడిషన్. సంతలో వంకాయ కొన్నా పుచ్చుందేమోనని తిప్పి చూసే నేను, 1,600 డాలర్లు ఎక్కువ కట్టి మరీ ఈ ముక్క తెలుసుకున్నా.

115 కిలోల బరువు. నలుగురం కలిసి బేస్‌మెంట్‌లోకి దించాం. మావాడు గురిచూసి బంతిని లోపలున్న టీ-రెక్స్ డైనోసార్ బొమ్మ వైపు కొట్టి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వాడు తెరిచాడు గానీ అది తెరవలేదు. ప్రీమియంలో ఆ తల కదిలి, బంతిని నోట కరుచుకుని విసిరేస్తుంది. ఆ ఒక్క సరదా కోసమే ప్రీమియం అడిగింది. ప్రోలో అది చేలో దిష్టిబొమ్మలా నిలబడి ఉంటుంది, అంతే. "నాన్నా, పాడైపోయిందా?" అన్నాడు వాడు.

వెంటనే ఫోన్ చేశా. "నేనేమైనా బలవంతపెట్టానా? ప్రో అని చెప్పే ఇచ్చాను. మీరే థ్యాంక్స్ కూడా చెప్పారు" అన్నాడు. ఆ మాట రాత్రంతా చెవిలోనే ఉంది. డబ్బు పోయిన బాధ ఒకటైతే, నా థ్యాంక్స్‌ని నాకే అప్పజెప్పాడే, అది ఇంకో బాధ. తేడా డబ్బైనా ఇవ్వమంటే, డబ్బా విప్పారు కాబట్టి ఇక కుదరదన్నాడు.

ప్రో చెడ్డదని కాదు. బార్లలో, ఆర్కేడ్లలో పెట్టుకునేవాళ్ళు ఎక్కువగా అదే కొంటారు, కదిలే బొమ్మలు తక్కువ కాబట్టి రిపేర్లూ తక్కువ. కానీ ప్రోని ప్రో రేటుకి కొనాలి కదా! ఎల్‌ఈకి ఆశపడేవాళ్ళకీ ఓ మాట: ఆట వరకు అది ప్రీమియమే. మెరుపు తగ్గించే అద్దం, మెషిన్‌ని వణికించే షేకర్ మోటారు, మెషిన్ మీద వేరే పెయింటింగులు, ఎన్నో మెషినో చెప్పే నంబరు పలక, వీటికే ఆ పైడబ్బు.

ఆ, సలహా మర్చిపోయా. మోడల్ పేరు, రేటు బిల్లులో రాయించుకోండి. డబ్బా మీద కూడా మోడల్ రాసి ఉంటుంది, లారీవాడికి సంతకం పెట్టేముందు చదవండి. నేను చదివాను. ప్రో అని చూసి మురిసిపోయి, లారీవాడికి టిప్పు కూడా ఇచ్చాను.