వట్టివేరు తెప్ప కిట్: పొలం మురుగునీటికి ఎంతవరకు పనికొస్తుంది?

పొలాల నుంచి దిగే నీటిని మొక్కలతో శుభ్రం చేసే రెడీమేడ్ కిట్లు ఇప్పుడు బాగానే అమ్ముతున్నారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న పీవీసీ చట్రం, దానికి బిగించిన వల, పైన కొబ్బరిపీచు చాప, ముప్పై దాకా వట్టివేరు పిలకలు, నైలాన్ తాడు. కుంటలో తేలుతుంటే వేళ్లు కిందికి దిగి నీళ్లలో కరిగిన నత్రజని, భాస్వరం లాగేస్తాయంటారు. మాట నిజమే. ఎంత లాగుతాయన్నదే చూడాలి.

45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20.7 కిలోల నత్రజని ఉంటుంది. ఎండు గడ్డిలో నత్రజని సుమారు 2 శాతం అనుకున్నా, ఒక్క బస్తా యూరియాని నీళ్లలోంచి తీయాలంటే టన్నుకు పైగా ఎండు గడ్డి అవుతుంది. డీఏపీ ఇంకా మొండిది. 50 కిలోల బస్తాలో అసలు భాస్వరం 10 కిలోలు. గడ్డిలో అది 0.2 శాతం చొప్పున చూస్తే ఐదు టన్నులు కోయాలి. నత్రజనికి ఇంకో దారి కూడా ఉంది. వేళ్లకు పట్టిన పాకుడులో, ఆక్సిజన్ తగ్గిన చోట, బ్యాక్టీరియా నైట్రేట్‌ని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. భాస్వరం అలా పోదు. కోసి గట్టు దాటించాలి, లేదంటే అడుగున బురదలో చేరుతుంది. కాబట్టి అట్టపెట్టె మీద ‘నిర్వహణ అక్కర్లేదు’ అన్న మాటను అస్సలు నమ్మకండి. కోయని తెప్పలో ముదిరిన ఆకు వాలి, కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీళ్లకే ఇస్తుంది. రెండు మూడు నెలలకోసారి అడుగు ఎత్తు ఉంచి కోయాలి. కోసింది గట్టు మీదే పోస్తే మొదటి వానకే తిరిగొస్తుంది. కొబ్బరి పాదుల్లో కప్పితే ఎరువు ఖర్చు కూడా కలిసొస్తుంది. పురుగుమందులు కలిసే నీళ్లయితే మాత్రం ఆ గడ్డి పశువులకు వేయకండి.

కిట్‌లో ముందుగా చూడాల్సింది పైపు సైజు. 110 మి.మీ. పైపు మీటరుకు సుమారు తొమ్మిదిన్నర కిలోలు తేలుస్తుంది. ఈ చట్రం చుట్టుకొలత ఏడు మీటర్ల పైమాట కాబట్టి మొత్తం 69 కిలోలు. పైపు సొంత బరువు పోగా యాభై పైనే మిగులుతుంది. అదే 63 మి.మీ. పైపు వేస్తే మొత్తం 22 కిలోల దగ్గరే ఆగిపోతుంది. పిలకలు చిన్నవిగా ఉన్నప్పుడు రెండూ బాగానే తేలతాయి. దుబ్బులు బలిసి, చాప నీళ్లు పీల్చాక సన్నపైపు తెప్ప మునుగుతుంది. మొక్క మొదలు నీళ్లలో నానితే కుళ్లు ఖాయం. కొందరు థర్మోకోల్ పెడుతున్నారు. అది ఎండకు పొడిపొడి అయి చేపల కడుపులోకి పోతుంది. అలాంటి కిట్ వద్దు.

పిలకలు పెట్టెలో వాడిపోయి వస్తే తెప్పకెక్కించకండి. ఆకు ఎనిమిది అంగుళాలకు, వేరు రెండు అంగుళాలకు కత్తిరించి, నీడన పల్చటి నీళ్లలో నిలబెట్టండి. తెల్లటి కొత్త వేళ్లు కనిపించాకే అడుగుకొకటి చొప్పున నాటాలి. నీళ్లు వేళ్లకు తగిలితే చాలు, మొదలు పైకే ఉండాలి. వట్టివేరుకు నీడ గిట్టదు, చెట్ల కింద తెప్ప పెడితే దుబ్బు కట్టదు. మంచి పిలకలు కావాలంటే హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది, రకాల గురించి అక్కడ అడగవచ్చు. మెట్టతామర కూడా కలిపి నాటవచ్చు, త్వరగా పెరుగుతుంది. అయితే ఉప్పు తగిలే నీళ్లలో దాని ఆకు అంచులు మాడతాయి. అక్కడ వట్టివేరే మేలు.

కుంట విస్తీర్ణంలో పది నుంచి ఇరవై శాతం తెప్పలు చాలు. నీరంతా కప్పేస్తే గాలి ఆడక ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుస్తాయి. గడ్డిచేప ఉన్న చెరువులో అడుగున కూడా వల కట్టకపోతే వేళ్లు మిగలవు. గేదెలు దిగే వైపు కంచె తప్పదు. నీళ్లు కుంటలో కనీసం మూడు నాలుగు రోజులు నిలవాలి. ఇటు తూములో పడి అటు పోయే నీటికి తెప్ప ఏమీ చేయలేదు. బోదె నీళ్లు నేరుగా వదలకుండా ముందు ఒండ్రు గుంత తవ్వండి, లేకపోతే వేళ్లన్నీ మట్టి పట్టి మూసుకుపోతాయి. డ్రెయిన్‌కు అడ్డంగా కడదామనుకుంటే నీటిపారుదల శాఖ అనుమతి కావాలి. వరదకు తాడు తెగితే తెప్పలు కల్వర్టులో ఇరుక్కుంటాయి.

నెలకే నీళ్లు తేటపడ్డాయని సంతోషించి ఊరుకోకండి. నీడకు నాచు తగ్గి, ఒండ్రు దిగితే తేటపడుతుంది. నైట్రేట్‌కు రంగూ వాసనా లేవు. మరిగిస్తే పోకపోగా చిక్కబడుతుంది. తాగునీటిలో మన ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఆక్వా ల్యాబుకు వెళ్తే మామూలుగా అమ్మోనియా, పీహెచ్ చూసి పంపేస్తారు. నైట్రేట్, ఫాస్ఫేట్ కావాలని విడిగా అడగండి. నీళ్లు వచ్చే చోట ఒక సీసా, పోయే చోట ఒక సీసా, ఒకే పూట పట్టుకెళ్లాలి.

గుర్రపుడెక్క ఉచితంగా దొరుకుతుంది కదా అనేవారున్నారు. నత్రజని లాగడంలో అది ఏమీ తీసిపోదు, కానీ ఒక్క నెల తీయకపోతే కాలువే కనిపించదు. తెప్ప మీద మొక్క తెప్ప మీదే ఉంటుంది, డబ్బు పెట్టేది దానికే.

110 మి.మీ. పైపు కిట్‌కు ఐదుకు మూడున్నర, సన్నపైపు దానికి ఒకటి. కొనే ముందు పైపు చివర మూతలు సాల్వెంట్ సిమెంటుతో అతికించారో లేదో చూడండి. ఉత్తినే బిగించినవైతే ఒక మూల నీళ్లు చేరి తెప్ప ఒరుగుతుంది.